చిట్టా ఒక్కటే ఉండాలి
(క్లౌడ్ స్టోరేజీ గురించి దాతలకు, వ్యాపారస్తులకు నాలుగు మాటలు)



సొసైటీ లెక్కలు ఎలా రాస్తున్నారని ప్రతి ఏడూ మీలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడగడం మంచిదే. ఈసారి జవాబు కాస్త వివరంగా రాయాలనుకున్నాం. మీలో చాలామంది వ్యాపారస్తులు కనుక, మేము పడిన ఇబ్బంది రేపు మీ కొట్లోనూ రావచ్చు.

రెండేళ్ల కిందటి రంజాన్‌లో రేషన్ కిట్ల జాబితా మా దగ్గర మూడు చోట్ల ఉండేది. కార్యదర్శి ఫోన్లో ఒకటి, కోశాధికారి ల్యాప్‌టాప్‌లో ఒకటి, వాట్సాప్ గ్రూపులో ఒకటి. ఒక్కోదాంట్లో ఒక్కో మార్పు. చివరికి ఒక ఇంటికి రెండు కిట్లు వెళ్లాయి, ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడకు ఒక్కటీ వెళ్లలేదు. నాలుగో రోజున ఆవిడే వచ్చి అడిగితే గాని మాకు తెలియలేదు. వెంటనే కిట్టు ఇచ్చాం గానీ, ఆవిడ చేత అడిగించుకున్నామన్న బాధ మిగిలిపోయింది. ఎవరూ కావాలని తప్పు చేయలేదు. ఒకే జాబితా మూడు జాబితాలు కావడమే తప్పు. ఆ తర్వాతే మా కాగితాలన్నీ క్లౌడ్‌లోకి మార్చాం.

క్లౌడ్ అంటే ఏమిటి?

పేరుకు మబ్బు గానీ ఇది ఆకాశంలో ఉండేది కాదు. వేల కంప్యూటర్లు పెట్టిన పెద్ద పెద్ద భవనాలు ఉంటాయి. వాటిని డేటా సెంటర్లు అంటారు. మన ఫైలు ఇంటర్నెట్ ద్వారా అక్కడికి చేరుతుంది. మన ఫోను పోయినా, ల్యాప్‌టాప్ పాడైనా, ఇంకో ఫోన్లో మన ఖాతా తెరిస్తే ఆ ఫైలు మళ్లీ కనిపిస్తుంది. ఇవి మనకు దూరంగా కూడా ఏమీ లేవు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. మన పొరుగున విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో భారీ డేటా కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

మన అవసరాలకు గూగుల్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్, మన దేశపు జోహో వర్క్‌డ్రైవ్ వంటివి ఉన్నాయి. గూగుల్ ఖాతాకు 15 జీబీ, వన్‌డ్రైవ్‌కు 5 జీబీ ఉచితం. అయితే గూగుల్ ఇచ్చే ఆ 15 జీబీలోనే మీ మెయిళ్లు, ఫొటోలు కూడా ఉంటాయి. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే బిల్లులకు చోటుండదు. అందుకే వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోవాలి.

పంపడం వేరు, పంచుకోవడం వేరు

వాట్సాప్‌లో ఒక ఫైలు పదిమందికి పంపితే పది ప్రతులు పుడతాయి. అందులో ఒకరు ధర మార్చినా మిగతా తొమ్మిదిమందికి తెలియదు. క్లౌడ్‌లో ఫైలును పంపం, అది ఉన్న చోటు చూపిస్తాం. అందరూ తెరిచేది ఒకటే పుస్తకం.

ఒక కిరాణా కొట్టు సంగతే చూడండి. కొట్టు గజపతినగరంలో, గోడౌన్ ఊరి చివర, ఆడిటర్ గారు విజయనగరంలో, లెక్కలు చూసే అబ్బాయి విశాఖలో. గోడౌన్ గుమస్తా సరుకు దిగిన వెంటనే బిల్లు ఫొటో తీసి ఆ నెల ఫోల్డర్లో పెడతాడు. కొట్లో ఉన్న యజమాని స్టాకు పట్టీలో చూసుకుంటారు. నెలాఖరున ఆడిటర్ గారు ఫోను చేసి అడగక్కర్లేదు, ఆయనే తెరిచి తీసుకుంటారు. పట్టీలో ఎవరు, ఏ రోజు, ఏ అంకె మార్చారో పాత రూపాలు చూస్తే తెలుస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో పొరపాటున తీసేసిన ఫైలు 30 రోజుల వరకు చెత్తబుట్టలో ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఫైళ్ల పేర్లు మాత్రం పద్ధతిగా పెట్టాలి. ‘కొత్త బిల్లు’, ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అని పెడితే బీరువాలో కాగితాలు కుక్కినట్టే. ఏడాది, నెల, విషయం వరుసగా రాస్తే వెతుకులాట ఉండదు.

ఎవరికి ఏ తాళం?

ప్రతి ఫోల్డరుకూ ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నది మనమే నిర్ణయించాలి. మా దగ్గర రశీదుల పట్టీని కమిటీ సభ్యులందరూ చూడగలరు, రాసేది మాత్రం కోశాధికారి ఒక్కరే. సాయం అందుకునేవారి ఫోల్డరు ముగ్గురికే తెరుచుకుంటుంది. అందులో ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి కాగితాలు ఉంటాయి. ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న మీట నొక్కి ఆ లింకు ఒక గ్రూపులో పడితే, ఒక కుటుంబం కష్టం ఊరందరి నోళ్లలో పడుతుంది. సాయం గుట్టుగా చేయడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. ఇప్పుడు వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడటానికి 2023లో చట్టం కూడా వచ్చింది. వ్యాపారంలోనూ అంతే. ఖాతాదారుల అప్పుల పట్టీ అందరూ చూసేది కాదు.

ఖాతా ఎవరి పేర ఉంది?

చాలామంది మరిచిపోయేది ఇదే. గుమస్తా సొంత మెయిలుతో ఫైళ్లు తయారుచేస్తే వాటికి యజమాని అతనే. పని మానేసిన రోజున లెక్కలూ అతని వెంటే పోతాయి. కనుక ఖాతా కొట్టు పేరునో, సంస్థ పేరునో తెరవాలి. పాస్‌వర్డుతో పాటు రెండో అంచె తనిఖీ పెట్టాలి. ఖాతా తిరిగి తెరిచే ఏర్పాటు బాధ్యత గల ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకరికి ఏదైనా జరిగితే రెండోవారు తెరవగలగాలి. ఎవరైనా మానేస్తే అదే రోజు వారి అనుమతి తీసేయాలి.

తుఫాను వస్తే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన ఉత్తరాంధ్రను ఎలా కుదిపాయో అందరికీ గుర్తే. అటువంటప్పుడు తడిసిన చిట్టా, ఆవర్జా పుస్తకాలు మళ్లీ పనికిరావు. క్లౌడ్‌లోవి తడవవు. కానీ కరెంటు, సిగ్నలు లేని రోజుల్లో వాటిని తెరవడమూ కుదరదు. అందుకని ముఖ్యమైన జాబితాలను ఫోన్లో ఆఫ్‌లైన్‌గా కూడా ఉంచుకోవాలి. నెలకోసారి ఒక హార్డ్ డిస్కులోకి కాపీ తీసి వేరే ఇంట్లో భద్రపరచాలి. తుఫాను లేని రోజుల్లోనూ ఆ కాపీ అవసరమే. క్లౌడ్‌తో కలిపి ఉంచిన ఫోల్డర్లో ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. విడిగా దాచిన ప్రతే ఆ రోజు ఆదుకుంటుంది.

చట్టం కూడా ఇదే కోరుతోంది. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కంప్యూటర్లో రాసే లెక్కలకు, ప్రమాదంలో పోయినా తిరిగి పొందేలా బ్యాకప్ ఉండాలని జీఎస్టీ 57వ నిబంధన చెబుతుంది. పన్ను మినహాయింపు పొందే ధార్మిక సంస్థలు పదేళ్ల లెక్కలు ఉంచాలని 2022లో ఆదాయపు పన్ను నిబంధనల్లో చేర్చారు.

మీరు ఒకేసారి అన్నీ మార్చనక్కర్లేదు. ఈ నెల కొనుగోలు బిల్లులకు ఒక ఫోల్డరు తెరవండి, అది అలవాటయ్యాక రెండోది.

చివరగా మా విన్నపం. మీ రశీదు నంబరు చెబితే మీ విరాళం ఏ పద్దులో ఖర్చయిందో ఇప్పుడు మీ ఎదుటే తెరిచి చూపించగలం. మొహమాటపడకుండా అడగండి. పాత రశీదు పుస్తకాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. మీ పిల్లల్లో కంప్యూటరు తెలిసినవారు ఒక ఆదివారం వచ్చి వాటిని స్కాన్ చేయడంలో చేయి కలిపితే, అదీ మాకు విరాళమే. ఇన్షా అల్లాహ్, వచ్చే రంజాన్‌కు ఏ ఇంటివారూ వచ్చి అడిగే అవసరం రాకూడదన్నదే మా ప్రయత్నం.