మ్యాకా, విండోసా? ముందు హార్డ్ డిస్క్ ఎవరిదో చూడండి

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు కొదవ లేదు. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్... సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలే. కాలేజీ ఫెస్ట్‌కి ఆఫ్టర్ మూవీ కట్ చేసేది ఒకరు, ఊళ్లో బోనాల వీడియో చేసి పెట్టేది ఇంకొకరు, పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియో అన్న దగ్గర పార్ట్ టైమ్ చేసేది మరొకరు. పక్కనే అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో 1996 నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ ఉండనే ఉంది. కైన్‌మాస్టర్, ఇన్‌షాట్, వీఎన్‌తో ఫోన్‌లో మొదలుపెట్టిన చెయ్యి కొన్నాళ్లకు ల్యాప్‌టాప్ అడుగుతుంది.

తలనొప్పి అక్కడే మొదలు. "కళ్లు మూసుకుని మ్యాక్ తీస్కో" అంటాడు ఒక ఫ్రెండ్. "ఆ పైసలకి గ్రాఫిక్స్ కార్డున్న విండోస్ వస్తది కదరా" అంటాడు ఇంకొకడు. యూట్యూబ్‌లో పది రివ్యూలు చూస్తే పదకొండు అభిప్రాయాలు.

మన ఇళ్లలో లక్ష రూపాయలంటే చిన్న మాట కాదు. నాన్న చిట్టీ పాడుకుంటేనో, ఏడాదిన్నర ఈఎంఐ పెట్టుకుంటేనో చేతికొచ్చే డబ్బు. ఒకసారి కొన్నాక బాగున్నా, బాగోకపోయినా మూడు నాలుగేళ్లు దాంతోనే నెట్టుకురావాలి. అందుకే "ఏది గొప్పది" అనే ప్రశ్న కాసేపు పక్కనపెట్టి, "నా పని ఎక్కణ్నుంచి వస్తుంది, తిరిగి ఎవరికి ఇవ్వాలి" అని అడగండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

స్టూడియో అన్న ఏం వాడుతున్నాడు?

మన దగ్గర కొత్త ఎడిటర్‌కి మొదటి సంపాదన ఎక్కువగా పెళ్లి వీడియోల నుంచే వస్తుంది. పెళ్లి వీడియోల లోకంలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన సాఫ్ట్‌వేర్ పేరు ఎడియస్. రివ్యూల్లో దీని మాట పెద్దగా వినపడదు కానీ, మన దేశంలో చాలా పెళ్లి స్టూడియోలు దీని మీదే నడుస్తున్నాయి. అది విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. మ్యాక్‌కి లేదు, లినక్స్‌కి లేదు. మీరు పని చేయబోయే స్టూడియోలో ఎడియస్ ప్రాజెక్టులే ఇచ్చి పుచ్చుకుంటుంటే, మ్యాక్ ఎంత బాగున్నా మీ చేతిలో అది ఖరీదైన టైప్‌రైటర్ అవుతుంది.

మిగతా లెక్క ఇలా ఉంటుంది. ఫైనల్ కట్ ప్రో మ్యాక్‌కే పరిమితం. అడోబీ ప్రీమియర్ ప్రో విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఉంది, లినక్స్‌లో లేదు. దానికి చందా కడుతూ ఉండాలి. డావిన్సీ రిజాల్వ్ మూడింట్లోనూ నడుస్తుంది. దాని ఉచిత వెర్షన్‌తోనే 4కే వీడియో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. యూట్యూబ్ పనికి అది ధారాళంగా సరిపోతుంది. స్టూడియో వెర్షన్ కావాలంటే 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు.

సాఫ్ట్‌వేర్ కొత్తదైతేనే పని బాగా వస్తుందనుకునే వాళ్లకి ఒక సంగతి. 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన కొరియా సినిమా 'పారసైట్'ని ఎడిటర్ యాంగ్ జిన్‌మో ఫైనల్ కట్ ప్రో 7లో కట్ చేశారు. అది 2009లో వచ్చి, 2011లో ఆగిపోయిన వెర్షన్. చేతికి అలవాటైన పనిముట్టుని ఆయన వదల్లేదు. మీ చేతికి ఏది అలవాటు చేయబోతున్నారన్నదే ఇక్కడ అసలు నిర్ణయం.

హార్డ్ డిస్క్ దగ్గర ఆగిపోయే పని

స్టూడియో వాళ్లు ఫుటేజీని హార్డ్ డిస్క్‌లో వేసిస్తారు. విండోస్ మిషన్ల మధ్య తిరిగే డిస్కులు చాలావరకు ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంటాయి. దాన్ని మ్యాక్‌కి పెడితే ఫైళ్లు కనిపిస్తాయి, కాపీ చేసుకోవచ్చు. కానీ మీరు చేసిన ఎడిట్‌ని తిరిగి అదే డిస్క్‌లో వేయాలంటే మ్యాక్ ఒప్పుకోదు. రాయాలంటే విడిగా ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి.

దీనికి తేలిక మందు ఎక్స్‌ఫ్యాట్. ఆ ఫార్మాట్‌లో ఉన్న డిస్క్ రెండిట్లోనూ చదవడం, రాయడం చేస్తుంది. అయితే స్టూడియో అన్న ఇచ్చిన డిస్క్‌ని మీరు ఫార్మాట్ కొట్టకూడదు సుమా! అందులో ఎవరి పెళ్లి ఉందో! మీ సొంత డిస్క్ ఒకటి ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టుకోండి. బ్యాకప్ ఇంకో డిస్క్‌లో తప్పకుండా ఉంచండి.

ఇబ్రహీంపట్నం అని టైప్ చేసి చూడండి

ఇంగ్లిష్ రివ్యూల్లో ఎక్కడా కనపడని పరీక్ష ఇది. సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ తెరిచి మన ఊరి పేరు కొట్టండి. అందులో 'బ్ర' ఉంది, 'ట్న' ఉంది. ఆ వత్తులు సరైన చోట కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు వచ్చినట్టే. అక్షరాలు విడిపోయి, పొల్లులు తేలితే సెట్టింగ్స్ చూడాలి. ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకునే వీలుంది. అది మార్చకపోవడం వల్లే చాలామందికి తెలుగు టైటిల్స్ చెడిపోతుంటాయి.

ఇంకో చిక్కు అను ఫాంట్లు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే వాళ్లంతా వాటికి అలవాటు పడ్డారు. అవి యూనికోడ్ కావు. వాటిని టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసింది. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన మేటర్‌ని ఆ ఫాంట్ లేని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లు యూనికోడ్ ఫాంట్లకు అలవాటు పడడం మేలు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, రవిప్రకాష్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మల... ఇలా ఎవరి ఫాంట్ వాళ్లది. అదే ప్రాజెక్టుని ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి మారిస్తే టైటిల్ రూపమే మారిపోతుంది. రెండింట్లోనూ ఒకే గూగుల్ ఫాంట్ వేసుకుంటే ఈ గొడవ ఉండదు.

మీ కెమెరా ఏం రికార్డ్ చేస్తోంది?

టైమ్‌లైన్ తట్టుకోవడానికి కారణం ఓఎస్ అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం ఫైల్. ఇప్పుడు ఫోన్లు, కెమెరాలు హెచ్.265లో రికార్డ్ చేస్తున్నాయి. సైజు తగ్గించడానికి వీడియోని గట్టిగా నొక్కి పెట్టే పద్ధతి అది. ప్లే చేసేటప్పుడు దాన్ని విప్పడానికి చిప్‌లో ప్రత్యేక భాగం ఉండాలి. లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

సోనీ ఏ7 4 లాంటి కెమెరాల్లో 10-బిట్ 4:2:2 అనే రకం కూడా ఉంది. రంగుల సమాచారం ఎక్కువ, విప్పడం కష్టం. ఆపిల్ సొంత చిప్‌లు ఎం1 నుంచి దీన్ని సులువుగా విప్పుతాయి. ఇంటెల్‌లో 11వ తరం, ఆ తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల సొంత గ్రాఫిక్స్‌కి కూడా ఈ పని వచ్చు. ఎన్విడియా కార్డుల్లో మాత్రం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే ఇది మొదలైంది. కాబట్టి రైజెన్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 లేదా 4050 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఆటల్లో దూసుకుపోయినా, ఈ రకం ఫుటేజీ దగ్గర తడబడవచ్చు. పైగా విండోస్‌లో ఉచిత రిజాల్వ్ ఇలాంటి కొన్ని ఫైళ్లను తెరవదు.

మీది మామూలు ఫోన్ వీడియో, 8-బిట్ ఫుటేజీ అయితే ఇంత భయం అక్కర్లేదు. ఏ మిషన్‌కైనా ప్రాక్సీ అనే మందు ఉంది. ఫుటేజీకి చిన్న సైజు నకళ్లు చేసుకుని వాటి మీద ఎడిట్ చేసి, చివర ఎక్స్‌పోర్ట్‌కి మాత్రం అసలు ఫైళ్లు వాడడం. టైమ్ కాస్త పడుతుంది, కానీ లక్ష రూపాయలు మిగులుతాయి.

సైజు, వేడి, కరెంటు

4కే వీడియోని 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు, అయిదు గంటల పెళ్లి అంటే 450 జీబీ. అంటే 256 జీబీ ల్యాప్‌టాప్‌లో ఒక్క పెళ్లి కూడా పట్టదు. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, కొన్నింట్లో ర్యామ్ కూడా పెంచుకోవచ్చు. మ్యాక్‌బుక్‌లో కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. ర్యామ్ ఏ ఓఎస్‌లోనైనా 16 జీబీకి తగ్గకుండా చూసుకోండి.

గేమింగ్ ల్యాప్‌టాప్ చార్జర్ తీస్తే వేగం బాగా పడిపోతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఫంక్షన్ హాల్లో కూర్చుని సాయంత్రం రిసెప్షన్‌కల్లా పొద్దుటి పెళ్లి హైలైట్స్ ఇవ్వాల్సిన పని ఉంటే ఇక్కడ మ్యాక్‌బుక్‌దే పైచేయి. అలాగని ఎయిర్‌లో ఫ్యాన్ ఉండదని మరచిపోవద్దు. మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెడితే అది వేడెక్కి నెమ్మదిస్తుంది.

ధర విషయానికొస్తే, ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ 2025 మార్చిలో 16 జీబీ ర్యామ్‌తో 99,900 రూపాయలకు వచ్చింది. విద్యార్థులకు 89,900. స్టూడెంట్ ఐడీ ఉంటే ఎడ్యుకేషన్ ధర అడగకుండా కొనొద్దు.

సెకండ్ హ్యాండ్‌కి వెళ్తుంటే

సికింద్రాబాద్ ప్యార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్తే పాత ల్యాప్‌టాప్‌లు చవగ్గా ఊరిస్తాయి. రెండు తేదీలు గుర్తుంచుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. 6, 7 తరాల మిషన్‌ని "ఐ7 సార్, ఫుల్ స్పీడ్" అని అంటగడితే తలూపొద్దు. అలాగే ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్‌బుక్‌లకు 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోనే ఆఖరిదని ఆపిల్ చెప్పేసింది. పాత మ్యాక్ కొనాలంటే 2020 నవంబర్ తర్వాతి ఎం1, ఆపై చిప్‌లవే చూడండి.

మరి లినక్స్?

ఖర్చు లేదు, పాత మిషన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. కేడెన్‌లైవ్, షాట్‌కట్ లాంటి ఉచిత ఎడిటర్లు ఉన్నాయి. స్వేచ్ఛ సంస్థకి చెందిన విద్యార్థి బృందాలు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల ఉన్నాయి, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వాళ్లు సాయం చేస్తారు. కానీ ఉచిత రిజాల్వ్ లినక్స్‌లో హెచ్.264, హెచ్.265 ఫైళ్లను చదవదు. అంటే మీ ఫోన్ వీడియోలన్నీ ముందు వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి, అప్పుడు వాటి సైజు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నేర్చుకోవడానికి లినక్స్ మంచిదే. రేపు ఉదయం డెలివరీ ఇవ్వాల్సిన పెళ్లి పనికి మాత్రం కష్టం.

క్రాక్ జోలికి పోవద్దు

"విండోస్ అయితే అన్నీ ఫ్రీగా దొరుకుతాయి" అనే మాట వెనక ఉన్నది క్రాక్ సాఫ్ట్‌వేర్. దానితో పాటు వైరస్ వస్తే ఫైళ్లన్నీ లాక్ అయిపోతాయి. సినిమా అయితే రీషూట్ చేయొచ్చు. ఒకరి పెళ్లిని మళ్లీ తీయలేం. ఆ కుటుంబానికి ఏం జవాబు చెప్తారు? ఉచిత రిజాల్వ్ ఉండగా ఆ రిస్క్ ఎందుకు?

ఇక తేల్చేద్దాం

పెళ్లి స్టూడియోలతో పని, ఎడియస్, అను ఫాంట్లు, విండోస్ డిస్కులు... ఇవి మీ దారిలో ఉంటే విండోస్ తీసుకోండి. ఇంటెల్ కొత్త తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకునే ఖాళీ స్లాట్ చూడండి. షూట్, ఎడిట్, అప్‌లోడ్ అన్నీ మీరే చేసుకునే యూట్యూబ్ చానెల్, రీల్స్ పని అయితే, తిరుగుడు ఎక్కువైతే మ్యాక్‌బుక్ ఎయిర్ చాలాకాలం నిలుస్తుంది. చేతిలో డబ్బు లేదు, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది అంటే దాని మీదే లినక్స్ వేసి, కేడెన్‌లైవ్‌తో ఆరు నెలలు చెయ్యి తిప్పండి. ఈలోగా మీకు ఏ పని వస్తుందో తెలుస్తుంది, అప్పుడు కొనొచ్చు.

షాపుకి వెళ్లేముందు కాలేజీ ల్యాబ్‌లోనో, సీనియర్ రూమ్‌లోనో మీరు అనుకుంటున్న మిషన్ లాంటిది ఒకటి దొరుకుతుందేమో చూడండి. మీ కెమెరాతో తీసిన పది నిమిషాల ఫుటేజీ, ఒక తెలుగు టైటిల్, స్టూడియో వాళ్ల హార్డ్ డిస్క్ పట్టుకెళ్లి ఒక చిన్న వీడియో మొదటినుంచి చివరిదాకా చేసి చూడండి. ఒక సాయంత్రం పోతుంది, అంతే. ఈఎంఐ మొదలయ్యాక పోయే నెలలతో పోలిస్తే అది చాలా చవక.