దొరకని దొంగ కోసం... మ్యూయాన్ల వేట!

అరచెయ్యి చాపితే చాలు... సెకనుకో మ్యూయాన్‌ అందులోంచి దూసుకుపోతుంది. మనకి తెలియను కూడా తెలియదు! ఆకాశం నుంచి ఉచితంగా కురిసే ఆ కణాలనే జెనీవా దగ్గర ‘సెర్న్‌’ శాస్త్రవేత్తలు కోట్లలో తయారుచేసి, కొత్త కణాల కోసం వల పన్నారు.

మ్యూయాన్‌ ఎలక్ట్రాన్‌కి అన్నలాంటిది. ఆవేశం అదే, బరువు మాత్రం 207 రెట్లు. 2001లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌ ప్రయోగశాల దానిమీద ఓ అనుమానం లేవనెత్తింది. అయస్కాంత క్షేత్రంలో మ్యూయాన్‌ ఊగిసలాట సిద్ధాంతం చెప్పినదానికన్నా రవ్వంత ఎక్కువగా ఉందట. 2021లో ఫెర్మీల్యాబూ అదే మాట అంది. మనకి తెలియని కణమేదో దాన్ని కదుపుతోందా? శాస్త్రవేత్తలు ఊహించిన అలాంటి కణాల్లో ఒకటి ‘జెడ్‌ ప్రైమ్‌’. అది ఎలక్ట్రాన్‌ని పట్టించుకోదు. మ్యూయాన్‌, టావ్‌ కుటుంబాలతోనే దాని స్నేహం. కాబట్టి దాన్ని మ్యూయాన్లతోనే వెతకాలి.

ఆ పనికి పూనుకున్నదే ‘ఎన్‌ఏ64’ ప్రయోగం. ప్రోటాన్లను బెరీలియం దిమ్మెకు కొడితే పయాన్లు పుడతాయి. దారిలో వాటిలో కొన్ని మ్యూయాన్లుగా మారతాయి. మ్యూయాన్‌ ఆయుష్షు సెకనులో పదిలక్షల వంతుల్లో రెండే! మరి పుంజం ఎలా? 160 గిగా ఎలక్ట్రాన్‌ వోల్టుల శక్తితో పరుగెడుతుంటే, ఐన్‌స్టీన్‌ చెప్పినట్టే, ఆ ఆయుష్షు 1500 రెట్లు పెరుగుతుంది.

వెతికే తీరే తమాషా. 160 రూపాయలతో సంతకెళ్లినవాడు 80 కూడా మిగలకుండా తిరిగొచ్చాడు. చేతిలో సంచీ లేదు. డబ్బేమైనట్టు? ఇదీ అంతే. సీసం పొరల లక్ష్యాన్ని దాటిన మ్యూయాన్‌ శక్తి సగానికి తగ్గాలి, చుట్టూ ఉన్న పరికరాల్లో దేనికీ ఆ శక్తి చిక్కకూడదు. అప్పుడు దొంగ ఉన్నట్టే!

2022లో దాదాపు 2000 కోట్ల మ్యూయాన్లను పంపి జల్లెడ పట్టారు. మిగిలింది... సున్నా. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. శ్రమ వృథా కాలేదు, దొంగ దాక్కునే గదుల్లో కొన్నింటికి తాళం పడింది. 2025లో ఇంకో మలుపు. సిద్ధాంతపు లెక్కను తిరగరాస్తే ఫెర్మీల్యాబ్‌ తుది కొలతతో తేడాయే కనిపించలేదు!

మొదటి ఆధారం అలా జారిపోయినా, వేటకి ఇంకో కారణం ఉంది. విశ్వంలోని పదార్థంలో అయిదింట నాలుగు వంతులకు పైగా కృష్ణ పదార్థమే. మనకీ దానికీ మధ్య రాయబారి జెడ్‌ ప్రైమేనేమో! తేలాలంటే మ్యూయాన్లు ఇంకా ఎన్నో రెట్లు కావాలి. చిక్కేమిటంటే, బయటికొచ్చిన ఒక్క మ్యూయాన్‌ని తప్పుగా కొలిచినా అదీ దొంగలాగే కనిపిస్తుంది.