మతిమరుపంతా అల్జీమర్స్ కాదు

వయసు మళ్ళినవారికి మతి తప్పితే అల్జీమర్స్ అని పేరు పెట్టడం పరిపాటిగా మారింది. ఆ వ్యాధిని తలపిస్తూ, జన్యులోపాల వల్ల వంశపారంపర్యంగా సంక్రమించే వ్యాధులు మరికొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లోని నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 347 మంది డిమెన్షియా రోగులపై 2011లో వెలువడిన అధ్యయనంలో అల్జీమర్స్ వాటా 38 శాతమే. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చినది నాలుగో వంతు కాగా, ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా సుమారు 19 శాతం.

ఈ మూడోది తరచు 45-65 ఏళ్ళ మధ్య, అంటే ఉద్యోగంలో ఉండగానే మొదలవుతుంది. మరపుకంటే ముందు ప్రవర్తన మారుతుంది. మితభాషి నోటికి వచ్చినట్లు మాట్లాడతాడు, పొదుపరి డబ్బు వెదజల్లుతాడు. ఇంట్లోవారు దాన్ని పొగరనో, మానసిక రోగమనో భావిస్తారు. దీనికి కారణమయ్యే ముఖ్య జన్యువులు మూడు: 1998లో టౌ, 2006లో ప్రోగ్రాన్యులిన్, 2011లో సి9ఓఆర్ఎఫ్72 బయటపడ్డాయి. చివరిదాని లోపంతో ఒకే కుటుంబంలో ఒకరికి మతి చెడితే, మరొకరికి కండరాలు క్షీణించవచ్చు. కెడాసిల్ అనే మరో వ్యాధి నాచ్3 జన్యువు వల్ల వస్తుంది. తీవ్రమైన తలనొప్పులతో మొదలై, చిన్నవయసు పక్షవాతాల మీదుగా మతిమరుపునకు దారితీస్తుంది. ఈ లోపాలలో ఏది ఉన్నా బిడ్డలలో ఒక్కొక్కరికి అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

అందుకే కుటుంబ చరిత్ర కీలకం. బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో తరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చిక్కు ఇక్కడే. సొంత ఊళ్ళో తాత ఏ జబ్బుతో పోయాడో మనవలకు తెలియదు. ‘పెద్దతనం, చాదస్తం’ అన్న మాటే మిగిలి ఉంటుంది.

వ్యాధి ఏదైతేనేం అనుకోవడానికి వీలులేదు. అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ ఫ్రాంటోటెంపోరల్ రోగులకు మేలు చేయదు, కొందరిలో అలజడి పెంచుతుంది కూడా. అమెరికాలో 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ మెదడులోని అమిలాయిడ్‌ను తొలగించేది. అమిలాయిడ్ పేరుకోని వ్యాధుల్లో దానితో పనిలేదు. ఇంకోవైపు, రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి జన్యుపరమైనదే అయినా మందులకు లొంగుతుంది. బి12 లోపం, థైరాయిడ్ మాంద్యం జన్యు పరీక్ష దాకా పోకుండానే మామూలు రక్తపరీక్షలో తేలిపోతాయి.

జన్యు పరీక్షకూ రక్తమే చాలు. అయితే మామూలు జన్యు ప్యానెల్ పరీక్షలు సి9ఓఆర్ఎఫ్72 లోపాన్ని పట్టుకోలేవు, దాన్ని విడిగా కోరాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకు పరీక్ష చేయించాలా వద్దా అన్నది యుక్తవయస్కులైన తరువాత, జన్యు సలహాదారుతో మాట్లాడి వారే నిర్ణయించుకోవలసిన విషయం.