ఇంటి వ్యాయామమునకు తగిన బరువు



ఇంటియందే కండబలము పెంచుకొనదలచిన పెద్దవారు ఎంత బరువుగల డంబెళ్లను ఎన్నుకొనవలెనో ఈ పూట మనవి చేయుదును. డంబెలనగా నడుమ పిడికిటి పట్టును, ఇరుకొనల గుండ్లును గల ఇనుప పనిముట్టు. భద్రాచలపు అడవి అంచున నుండు మా బోటివారికి ఇది పట్నపు పడుచువాండ్ర వేడుకయని తోచుట సహజము. "కావడి మోసిన భుజములకు మరల డంబెళ్లెందులకయ్యా?" అని మా రచ్చబండకడ ఒక పెద్దాయన నన్నడిగెను. ప్రశ్న న్యాయమైనదే. "కావడి దించి ఎన్నేండ్లయినది బావా?" యని నేను మారడుగగా ఆయన నవ్వి యూరకుండెను.

కొడుకులు అరక పట్టినది మొదలు, ఇంటిముంగిటికి కుళాయి వచ్చినది మొదలు, మన దేహము బరువునెత్తుట మానినది. 30 ఏండ్లు దాటిన పిమ్మట కండ పదేండ్లకు నూటికి 3 మొదలు 8 పాళ్లవరకు తరుగునని వైద్యులు లెక్కగట్టిరి. 60 దాటినచో ఆ తరుగుదల ఇంకను వేగిరపడును. నేలపై గూర్చున్నవాడు చేయూత లేక లేవలేకపోవుట, బస్సుమెట్టు ఎక్కలేకపోవుట, రాత్రివేళ తూలిపడి తుంటియెముక విరుగుట, వీనియందు ఈ తరుగుదలకు పెద్ద పాలున్నది. వయసు మీరినది గదా, ఇక చేయునదేమున్నదందురేమో! అమెరికాలోని బోస్టను నగరమున సగటున 90 ఏండ్ల ప్రాయముగల పదిమంది వృద్ధులచే వైద్యులు 8 వారములు కాళ్లతో బరువులెత్తించిరి. తొమ్మండుగురు తుదివరకు నిలిచిరి. వారి కాలిబలము సగటున నూటికి 174 పాళ్లు హెచ్చినదని 1990లో ప్రకటించిరి. వారు ఎత్తినవి ఉత్తుత్తి బరువులు కావు. తమతమ శక్తికి తగినట్టు కొలిచి యిచ్చిన గట్టి బరువులు. ఆ కొలత యందే కిటుకంతయు గలదు.

కొలత తెలియక నేను పడిన పాటు చెప్పెదను. మా మనుమడు పట్నమునుండి ఒక జత తెచ్చెను. ఒక్కొక్కటి 5 కిలోలు. మోచేయి మడిచి యెత్తగా సులువుగనే లేచినవి. ఆ ధీమాతో చేయి చాచి ప్రక్కకెత్తితిని. భుజము పట్టివేసినది. రెండు నెలలు తువ్వాలు తలకు చుట్టుకొనుటకైనను ఆ చేయి లేవలేదు. తప్పు మనుమనిది కాదు, నాదే. ఏతమునెరిగినవాడను నేనే మరచితిని! ఏతపు మాను కొనవైపునకు పోయినకొలది అదే బరువు హెచ్చుగా లాగును. మోచేతినుండి అరచేయి ముప్పాతిక మూర, భుజమునుండి మూరన్నర. కావున చేయి చాచినప్పుడు భుజముపై పడు లాగుడు, మడిచినప్పుడు మోచేతిపై పడుదానికి ఇంచుమించు రెట్టింపు. ఒక్కటే జత అన్నిటికిని సరిపడదనుట ఇందువలననే.

మరి తగిన బరువని యెట్లు తెలియును? చేతబట్టి, రెండు లెక్కించుచు మెల్లగా ఎత్తి, మూడు లెక్కించుచు దింపవలెను. 10 మొదలు 15 మారులు ఎత్తగలిగి, కడపటి రెండుమూడు కష్టముగా నుండి, అయినను నడుము ఊగక, మోచేయి తప్పక సాగినచో అది మీ బరువు. ఎనిమిదింటికే వంకరలు పోవుచున్నచో అది బరువెక్కువ. పదునైదును ముగించి పొరుగువానితో ముచ్చటలాడగలిగినచో తక్కువ. పనిపాటలు మానిన పెద్దలు చేయి మడిచి యెత్తుటకు కిలోతోను, ప్రక్కకెత్తుటకు అరకిలోతోను మొదలిడుట మేలు. నేటికిని పొలముపని చేయువారు రెండు మూడు కిలోలు చూడవచ్చును. కాళ్లకు ఆరంభమున ఏ బరువును వలదు; కుర్చీనుండి చేయి ఊనక పదిమార్లు లేచి కూర్చుండుటయే చాలును. వారమునకు రెండు దినములు, నడుమ విరామముతో చేసిన సరి.

బలమనగానే మనకు కోడి రామమూర్తినాయుడుగారు తలపునకు వత్తురు. 1942లో గతించిన ఆ విజయనగర మల్లుడు ఱొమ్ముపై ఏనుగును నిల్పుకొనినట్టియు, ఇనుప గొలుసులు త్రెంచినట్టియు వాడని మన తాతలు చెప్పుకొనిరి. ఆ కథలు విని కాబోలు, పెనుబరువే బలమునకు దారియను భ్రమ మనకు నిలిచినది. ఆ కాలముననే, 1905లో మన దేశమున పర్యటించిన శాండో యను ప్రసిద్ధ బలశాలి మాత్రము, సామాన్యులకు కొద్ది పౌనుల తేలిక డంబెళ్లనే విధించుచుండెను.

ఇక కొనుగోలు. అంగడిలో 1, 2, 3, 5 కిలోలని అమ్ముదురు. 'పది కిలోల జత' యనగా ఒక్కొక్కటి పదియా, రెండును కలిపి పదియా అని అడిగి మరీ కొనుడు. ఇంకొక చిక్కు గలదు. ఒకటినుండి రెంటికి పోవుట ఒక్క కిలోయే కదా యనిపించును. కాని మీ చేతికది రెట్టింపు! పెంపు నూటికి 5 లేక 10 పాళ్లకు మించరాదు. అందుచే మా యింట నేను ఇసుక సీసాలనే వాడుచున్నాను. లీటరు సీసానిండ ఎండు ఇసుక పోసినచో కిలోన్నర దాటును, అనగా పాతకాలపు వీశెకు కొంచెమెక్కువ. కిరాణాకొట్టు కాటాపై తూచి, మూతపై బరువు వ్రాసికొని, వరుసగా రెండు దినములు అనుకొన్నదానికంటె రెండు మారులు అధికముగా ఎత్తగలిగినప్పుడు పిడికెడు ఇసుక చేర్చుడు. గోదావరి ఒడ్డున ఇసుకకు కొదువ లేదు గదా!

ఎత్తునపుడు ఊపిరి బిగబట్టరాదు. బిగబట్టినచో రక్తపుపోటు ఒక్కపెట్టున ఎగయును. ఎత్తుచు విడువుడు, దించుచు పీల్చుడు. గుండెజబ్బు, హెచ్చు రక్తపుపోటు, గిలక దిగుట గలవారును, కంటికి శస్త్రము చేయించుకొని కొలదివారములే అయినవారును వైద్యుని అడుగక సీసానైనను ముట్టరాదు. మరునాడు కండ సలుపుట వింత కాదు; కీలులో పొడుచునట్టి నొప్పి, ఱొమ్మున బరువు తోచినచో తక్షణము ఆపవలెను. పప్పు, పెరుగు, గ్రుడ్డు తినని దేహమున ఈ శ్రమకు సగమే ఫలము.

కావడి సంగతి యడిగిన ఆ పెద్దాయన ఇప్పుడు కిలోన్నర సీసాలు ఎత్తుచున్నాడు. నావి ఇంకను కిలోంబావు దగ్గరనే యున్నవి.