మైనస్ మూడు వెనక ఎన్ని మిల్లీమీటర్లు?

కళ్లజోడు చీటీలో ‘-2.00’ అని రాస్తారు. ఆ అంకె డయాప్టర్లలో (అద్దం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత) ఉంటుంది. మైనస్ గుర్తు వదిలేసి, ఒకటిని ఆ అంకెతో భాగించండి. అద్దాలు లేకుండా ఆ కంటికి ఎంత దూరం వరకు స్పష్టంగా కనిపిస్తుందో మీటర్లలో వస్తుంది. మైనస్ రెండుకు అర మీటరు. మైనస్ నాలుగుకు పావు మీటరు, అంటే చేతిలో పుస్తకం ఉన్నంత దూరం.

ఈ హ్రస్వదృష్టి (దూరానివి మసకగా కనిపించడం) చాలామందికి కనుగుడ్డు వెనక్కి సాగడం వల్ల వస్తుంది. పుట్టినప్పుడు కన్ను సుమారు 17 మిల్లీమీటర్ల పొడవుంటుంది. పెద్దయ్యాక 23.5 దగ్గర ఆగాలి. అది దాటి పెరిగితే రెటీనా (కంటి వెనక తెర) ఇంకా వెనక్కి జరుగుతుంది. బొమ్మ తెరకు ముందే ఏర్పడుతుంది. పెద్దవారిలో ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే సైటు రెండున్నర నుంచి మూడు డయాప్టర్లు పెరుగుతుంది.

అలాగని సైటు చూసి పొడవు చెప్పలేం. కాంతిని ఎక్కువగా వంచేది కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర). ఇద్దరికీ మైనస్ మూడే అనుకుందాం. ఒకరి కార్నియా బాగా ఒంపు తిరిగి, శక్తి 45 డయాప్టర్లుంటే కన్ను 24 మిల్లీమీటర్లే ఉండొచ్చు. మరొకరిది చదునుగా, 41 ఉంటే కన్ను 25.5 దాకా సాగి ఉండొచ్చు. అద్దాలు ఒకటే, కళ్లు వేరు.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? కన్ను సాగేకొద్దీ రెటీనా పలచబడుతుంది. పొడవు 26 మిల్లీమీటర్లు దాటితే రెటీనా ఊడిపోవడం వంటి ముప్పు పెరుగుతుంది. లేసిక్ (లేజర్ ఆపరేషన్) కార్నియాను చెక్కి సైటు తీసేస్తుంది గానీ కన్ను పొడవు తగ్గించదు. అద్దాలు పోయినా రెటీనా పరీక్షలు మానకూడదు.

పిల్లల్లో సైటు పెరుగుదలను నెమ్మదింపజేసే కంటి చుక్కలు, ప్రత్యేక అద్దాలు ఇప్పుడు ఉన్నాయి. అవి పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే పొడవు కొలవాలి. పొడవు కొలిచే యంత్రం మీద గడ్డం ఆనించి, లోపలి వెలుగును చూస్తే చాలు. యంత్రం కంటిని తాకకుండానే క్షణాల్లో మిల్లీమీటరులో వందో వంతు వరకు చెబుతుంది. ఎదిగే వయసులో కన్ను కొంత పెరగడం సహజమే. ఒక్కసారి వచ్చిన అంకె కన్నా, ఏడాదికి ఎంత పెరిగిందన్నదే ముఖ్యం. అందుకే చీటీలో సైటు కింద పొడవు కూడా రాయించుకుని, పాత చీటీలు దాచుకోవాలి.