ప్రధాన సంఖ్యను చింతగింజలతోని చూపెట్టుర్రి

మీ ఇంట్ల ఐదో తరగతో ఆరో తరగతో చదివే తమ్ముడు, చెల్లె ఉంటె ఒకసారి అడిగి చూడుర్రి, ప్రధాన సంఖ్య అంటే ఏందని. గుక్క తిప్పుకోకుండ చెప్తరు: "ఒకటితో, అదే సంఖ్యతో మాత్రమే నిశ్శేషంగా భాగించబడే సంఖ్య." శభాష్. ఎంటనే ఇంకోటి అడుగుర్రి, 51 ప్రధాన సంఖ్యనా? చానామంది అవునంటరు. 9 సుత అవుననేటోళ్లు ఉన్నరు, బేసి సంఖ్య గదా అని. 51 అంటె మూడు పదిహేడ్లు. నోటికొచ్చిన ముక్క లెక్కకు అక్కరకు రాలే.

పిల్లల తప్పేం లేదు. "నిశ్శేషంగా" అనే మాట ఆ పోరడు ఇంట్ల ఎన్నడన్న ఇన్నడా? మన ఇండ్లల్ల "మిగలకుండ పంచుడు" అంటరు. లెక్క గూడ గంతే.

నేను పొద్దుమూకినంక మా దిక్కు పిల్లలకు లెక్కలు చెప్పవట్టి చానేండ్లాయె. పెద్ద డిగ్రీలేం లేవు, పుస్తకాలు ముందటేసుకొని నేర్చుకున్నదే. నా దగ్గరున్న సామానల్లా ఒక డబ్బెడు చింతగింజలు. 12 గింజలిచ్చి వరుసలు పేర్చమంట. షరతు ఒక్కటే: ప్రతి వరుసల సమానంగ ఉండాలె, ఒక్క గింజ మిగలొద్దు. ఒకడు మూడు వరుసలల్ల నాలుగు చొప్పున పెడ్తడు, ఇంకొకామె రెండు వరుసలల్ల ఆరు చొప్పున పెడ్తది, ఒకడు బద్ధకానికి పన్నెండూ ఒక్కటే లైన్ కడ్తడు. అందరిదీ కరెక్టే. వాళ్లు పేర్చినయి రాసుకుంటె 1-12, 2-6, 3-4. జోడీలు జోడీలుగ వచ్చినయి సూడుర్రి. గివే 12కు కారణాంకాలు. ముందుగాల చెయ్యి ఆడాలె, పేరు ఎనుక చెప్పొచ్చు.

గప్పుడు ఇంకొక్క గింజ చేతుల పెట్టాలె. 13. ఇగ మజా అంత ఈడనే. రెండు వరుసలు పెడితె ఒకటి మిగులుతది, మూడు పెట్టినా ఒకటి, నాలుగు పెట్టినా ఒకటి, ఐదు పెడితె ఏకంగ మూడు మిగులుతయి. కొట్లాడి కొట్లాడి, "కాకా, ఇది వరుసకు రాదు, మొండిది" అంటరు. గా మొండిదానికే పుస్తకంల ప్రధాన సంఖ్య అని పేరు. మా పిల్లలు ఇప్పటికీ మొండిది అనే అంటరు, నేను వద్దనలే. పరీక్షల మాత్రం ప్రధాన సంఖ్య అని రాయమన్న.

తెలివిగల పిల్ల ఒకతి తప్పకుండ అడుగుతది: మరి 1 సంగతేంది? ఒక్క గింజను సుత ఒక్క తీరుగనే పెట్టొస్తది గదా? "1 ప్రధాన సంఖ్య కాదు, రాసుకోండి" అని ఆడ నోరు మూపియ్యొద్దు. ఏ సంఖ్యనన్న ఇరగ్గొట్టుకుంట పోనియ్యుర్రి. 12ను మూడు నాలుగ్ల దిక్కు నుంచి ఇరగ్గొట్టినా, రెండు ఆర్ల దిక్కు నుంచి ఇరగ్గొట్టినా ఆఖరికి చేతుల మిగిలేటియి 2, 2, 3. ఎవలు చేసినా అవే. ఇండ్లకు 1ని రానిస్తె, 1×2×2×3 అని ఒకరు, 1×1×2×2×3 అని ఇంకొకరు, ఎన్ని తీర్లన్న రాసుకుంట పోతరు. ఒక్కటే జవాబు అనే ముచ్చటే ఉండదు. అందుకే 1ని పక్కకు పెట్టిన్రు. గీ కారణం చెప్తె పదేండ్ల పిల్లకు సుత అర్థమైతది.

ఇదంత ఎందుకు, పిల్లలు పాసైతె సాలదా అంటరు కొందరు. 18/24 అనే భిన్నాన్ని చిన్నగ చెయ్యమనుర్రి. బట్టీ పట్టినోడు రెండుతోని కొట్టి 9/12 కాడ ఆగుతడు, తొమ్మిదికి రెండు పోదు గదా అని. కారణాంకాలు తెలిసినోనికి రెండింట్ల ఆరు కనవడ్తది, 3/4 అని తేలుస్తడు. భిన్నాల కాడ ఆగినోడు నిష్పత్తుల కాడ, శాతాల కాడ ఆగుతడు. "నాకు లెక్కలు రావు" అని ఏడో తరగతిలనే తీర్మానం చేసుకుంటడు. రేపు నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటె ఏడాదికి 24 శాతమని లెక్క కట్టలేనోన్ని ఫైనాన్సోళ్లు ఇడిచిపెడ్తరా?

ఉద్యోగ పరీక్షలకు 100 లోపటి ప్రధాన సంఖ్యలు 25 బట్టీ పడుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీరు సుత ఒకసారి జల్లెడ పట్టి చూడుర్రి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంల ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుని పేరు మీద ఉన్న పద్ధతి ఇది. 2 నుంచి 100 దాక రాసుకొని, 2ను ఉంచి రెండో ఎక్కంల మిగతాయన్ని కొట్టెయ్యాలె. అట్లనే 3, 5, 7. గంతే, మిగిలినయే ఆ 25. 11 దాక ఎందుకు పోవద్దంటె, 22, 33, 55, 77 అన్ని ముందే పోయినయి, పదకొండు పదకొండ్లు 121, వందే దాటె. 51 మూడు కాడ రాలుతది. అందరినీ మోసం చేసే 91, ఏడు కాడ రాలుతది, ఏడు పదమూడ్లు.

బడిల గిట్ల ఎందుకు చెప్పరంటె, సార్లను తిట్టుడు అల్కటి పని. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాక ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. 5 ప్రధాన సంఖ్య, ఇద్దరికి సమంగ పంచరాదు. ఒకలకు మూడు, ఒకలకు రెండు. ఒకలు మీటింగుకు వోయిన్రంటె ఐదూ ఒక్కరి మీదనే. ఇగ గింజలు పేర్పిచ్చే తీరుబాటేడిది? నిర్వచనం రాపిస్తరు, ఎక్కం చెప్పిస్తరు. తరగతికొక టీచర్ కావాలని గ్రామసభల అడగాల్సింది మనమే. ప్రైవేటుకు పంపితె ఒడిసెననుకోకుర్రి, ఆడ సుత చానా కాడ గదే నిర్వచనం, కాకుంటె ఇంగ్లీషుల.

డిగ్రీ చదివి ఊర్లె ఉన్నోళ్లు వారానికి రెండు సాయంత్రాలు పెట్టినా సాలు. 12తోని మొదలువెట్టుర్రి, 13 ఇయ్యుర్రి, 24 ఇయ్యుర్రి, తర్వాత 36. 36 కాడ ఆరు వరుసలల్ల ఆరు వస్తది, ఆ ఆరుకు జోడీ ఉండదు. కారణాంకాలు లెక్కవెడితె తొమ్మిది, బేసి. ఎందుకట్లయిందో మీరు చెప్పకుర్రి. 16 గింజలు ఒకలకు, 25 గింజలు ఇంకొకలకు ఇచ్చి సప్పుడు చెయ్యకుండ కూసోర్రి.