అండమాన్ శిలల వయసు: ఆర్గాన్ గడియారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

అండమాన్ దీవుల కింద సముద్రపు పలక భూగర్భంలోకి దిగడం ఎప్పుడు మొదలైంది? 2004 డిసెంబరు 26 నాటి సునామీ పుట్టింది ఈ పలకల సరిహద్దులోనే. దక్షిణ అండమాన్‌లోని యాంఫిబోలైట్ శిలలను ఆర్గాన్ పద్ధతిలో పరీక్షించిన 2020 నాటి అధ్యయనం వాటికి 10.64 కోట్లు, 10.53 కోట్ల సంవత్సరాల వయసును నిర్ధారించింది. అదే శిలాసముదాయంలోని ప్లేజియోగ్రనైట్లు మాత్రం అంతకుముందే యురేనియం-సీసం పద్ధతిలో 9.3 నుంచి 9.9 కోట్ల ఏళ్లనే చూపాయి. ఈ అంతరం నిజమైనదా, గడియారం పొరపాటా?

పొటాషియం-40లో సగభాగం క్షీణించడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. అందులో సుమారు 11 శాతం ఆర్గాన్-40 వాయువుగా మారుతుంది. వేడిగా ఉన్నంతకాలం ఆ వాయువు స్ఫటికం నుంచి తప్పించుకుపోతుంది. యాంఫిబోల్ ఖనిజంలో దాదాపు 500 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారిన తరువాతే అది నిలవడం ఆరంభిస్తుంది. కనుక ఈ పద్ధతి తెలిపేది శిల పుట్టిన తేదీని కాదు, చల్లారిన తేదీని.

లెక్క మొదలైనప్పుడు స్ఫటికంలో పాత ఆర్గాన్ లేదన్న ఊహపైనే ఇదంతా ఆధారపడుతుంది. అధిక పీడనంలో ఆ ఊహ తరచూ తప్పుతుంది. లోతున ద్రవాల కదలిక తక్కువ కావడంతో, బయటపడే దారిలేని వాయువు తిరిగి స్ఫటికాలలోకే చేరుతుంది. ఆల్ప్స్ పర్వతాలలోని డోరా మైరాలో అభ్రకం సుమారు 10 కోట్ల ఏళ్లు చూపగా, ఆ శిలలు గరిష్ఠ పీడనానికి లోనైంది 3.5 కోట్ల ఏళ్ల క్రితమేనని ఇతర పద్ధతులు తేల్చాయి. అండమాన్ యాంఫిబోలైట్లు అంత లోతుకు పోలేదు; వాటిపై పడిన పీడనం దాదాపు 0.9 గిగాపాస్కల్. అయితే యాంఫిబోల్‌లో పొటాషియం స్వల్పం. కొద్దిపాటి అదనపు ఆర్గాన్ చేరినా వయసు ఎంతో పెరిగిపోతుంది.

శిలను మెట్లుమెట్లుగా వేడిచేసినప్పుడు ప్రతి మెట్టులోనూ ఒకే వయసు వస్తే ఫలితం నమ్మదగినదని భావిస్తారు. ఇదీ పూర్తి హామీ కాదు: అదనపు వాయువు స్ఫటికమంతటా సమంగా పరచుకుంటే తప్పుడు వయసు కూడా అంతే నిలకడగా కనిపిస్తుంది.

బారెన్ ద్వీపం మరో పాఠం చెబుతుంది. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడి అతి పురాతన ఉపరితల లావాకు 15.8 లక్షల ఏళ్లు. ఆ అగ్నిపర్వతం పైకి మోసుకొచ్చిన కొన్ని ప్లేజియోక్లేజ్ స్ఫటికాలకు 10.6 కోట్ల ఏళ్లు. రెంటినీ కలిపి పొడిచేసి కొలిస్తే వచ్చే సంఖ్య ఏ సంఘటనకూ చెందదు. వేరుచేసి కొలిచినందువల్లే అది ద్వీపం అడుగున ఉన్న శిలకు ఆధారమైంది.

ఆ 10.6 కోట్లు దక్షిణ అండమాన్ సంఖ్యలతో సరిపోలుతున్నాయి. కానీ రెండూ ఆర్గాన్ సాక్ష్యాలే. అసలు బలం గాబ్రో శిలలోని జిర్కాన్లది. ఆర్గాన్‌తో సంబంధంలేని వాటి వయసూ దీనికి సమీపంగానే ఉంది. అందుకే ప్లేజియోగ్రనైట్లు తరువాత చొచ్చుకువచ్చినవని 2020 నాటి పరిశోధకులు భావించారు. వారి తొలి సంఖ్యకు జతచేసిన 21 లక్షల ఏళ్ల హెచ్చుతగ్గులు కొలతలోని అనిశ్చితి మాత్రమే. గుర్తించని అదనపు ఆర్గాన్ ఉంటే అది ఆ పరిధిలోకి రాదు.